దాఖలు చేయని పట్టా

జేజినాయనా,

నువ్వు వదిలివెళ్లిన కాగితాలను నంద్యాల కాలేజీ గ్రంథాలయానికి అప్పగించేందుకు ఈ ఉదయం సర్దుతుంటే, ఆళ్లగడ్డ కూలీల శ్మశానభూమి పట్టా, అసలు ప్రతి, దొరికింది. అది పోయినందుకే నువ్వు వాళ్ల తరఫున వాదించిన కేసు ఓడిపోయామని ప్రతి ఎన్నికల సభలో కళ్లు తుడుచుకున్నావు. దానికి గుచ్చిన చీటీలో నీ జూనియరుకు నీ చేతిరాతతో ఆదేశం: "దీన్ని దాఖలు చేయవద్దు." తర్వాతి ఎన్నికలో ఎదుటి కక్షిదారు నిన్నెందుకు బలపరిచాడో ఇప్పుడు అర్థమైంది.

అప్పగింత సభకు ఆ కూలీల పెద్ద ఏసోబు వచ్చాడు. పట్టా ఆయన చేతిలో పెట్టి, ఎక్కడ దొరికిందో చెప్పాను.

"ఆయప్ప మాకోసం శానా కొట్లాడినాడు పాపా. ఇది ఆయప్పకు తెల్వకుండా పెట్టెలో పడిపోయింటాది, కదా?"

వాదపోటీల్లో నీ నిజాయితీనే ఉదాహరణగా చూపి గెలిచిన మనవరాలిని. చీటీ చదివి వినిపించాను.