కాపలా క్రిములు
ఏమండీ, నేనూ అమ్మాయీ క్షేమం. నెలలు నిండకుండా పుట్టిన మనవడు ఇంకా అద్దాల పెట్టెలోనే ఉన్నాడు. పేగులు పాడవకుండా పాలలో మేలుచేసే సూక్ష్మజీవుల చుక్కలు వేస్తామన్నారు. "మాచేత మూడుసార్లు చేతులు కడిగించి, వాడికి క్రిములు తాగిస్తారా?" అని నర్సును అడిగాను. "ఇవి కాపలా క్రిములు పెద్దమ్మా, పాలు వేడిగా ఉంటే చచ్చిపోతాయి" అంది. పెరుగు తోడులాంటివన్నమాట. ఎప్పుడో ఒకరికి ఇవే హాని చేయొచ్చని డాక్టరు చెప్పేసరికి అమ్మాయి ఒప్పుకోలు కాగితం మీద సంతకానికి జంకింది, నేను పెట్టమన్నాను. చుక్కలు మొదలుపెట్టి నేటికి ఆరు రోజులు, పొట్ట మెత్తగా ఉంది, పాలు కక్కలేదు. చుక్కల వల్లనా, తల్లిపాల వల్లనా అంటే డాక్టరూ తేల్చి చెప్పలేదు. గ్యాసు బండ వచ్చిందా? నా కళ్లజోడు పంపండి. మీ దీవెనతో పాటు వాడికో పేరు కూడా రాయండి, ఇక పెట్టుకోవచ్చనిపిస్తోంది.