దేవుడి గది నాపరాయి

శేషూ,

నిన్ననే నీ సంవత్సరీకం పెట్టాము. ఇవాళ దేవుడి గదిలో కుంగిన నాపరాయిని సరిచేయడానికి మేస్త్రి కోటయ్య వచ్చాడు. మాచర్ల గనిలో పనిచేసే రోజుల్లో నువ్వు తెచ్చి, నీ చేత్తో పరిచిన రాయే. కోటయ్య దాన్ని గడ్డపారతో ఎత్తి, తిరగేసి కేకేశాడు.

"అక్కా, ఇట్రా! ఏందిది, రాయి అడుగున బొమ్మ! అచ్చం నువ్వే!"

నేనే. బొమ్మలో కళ్లు మూసుకుని కూర్చుని ఉన్నాను. ఒళ్లో చంటివాడిగా నువ్వు.

అమ్మ పోయాక నిన్ను పెంచినదాన్ని. అయినా ఆనాడు నువ్వు పెరట్లో ఏదో చెక్కుతుంటే, అది ఎవరి బొమ్మో కూడా చూడకుండా, "కూలి మానుకుని బొమ్మలేందిరా, అవతల పారెయ్" అన్నాను. "అట్టాగేలే అక్కా" అని నవ్వావు. పారేయకుండా బోర్లించి పరిచావన్నమాట. తొమ్మిదేళ్లుగా దాని మీదే పీట వేసుకుని జపం చేస్తున్నాను.

"మళ్లా బోర్లెయ్యనా?" అన్నాడు కోటయ్య.

"వద్దు. బొమ్మ పైకే ఉంచు."

"తొక్కుతారక్కా!"

"తొక్కనియ్యనులే. నా పీట అవతలేసుకుంటా."

సాయంత్రం అవతలే కూర్చున్నాను. చేతిలో జపమాల ఉంది. ఒక్క పూస కూడా జరగలేదురా.

పెద్దక్క