టేపు మీద నగరం

మార్చి 9, సోమవారం

మాస్టారికి,

నమస్కారాలు. మీరూ చెల్లెమ్మా కులాసాగా ఉన్నారని తలుస్తాను. నా సంగతంటారా, ఉన్నానంతే. మోకాళ్లు మొరాయిస్తున్నాయి, ఉద్యోగం ఇంకో ఏడు నెలలుంది. ఆర్కెస్ట్రా రద్దయిన దగ్గర్నించి, ఈ ఆరేళ్లలో మీరెన్నిసార్లు ఫోన్ చేసినా ఎత్తనివాడు ఇప్పుడు ఉత్తరం రాయడమేమిటని అనిపిస్తుంది మీకు. అయినా చివరిదాకా చదవండి.

మన రేడియో స్టేషన్లో టేపుల గది ఖాళీ చేస్తున్నారు. నాలుగు వందల్లో నలభై ఉంచి మిగతావి పారెయ్యాలట. ఏవి ఉంచాలో తేల్చే పని నా నెత్తిన పడింది. డబ్బాల మీద పేర్లు చూసి టిక్కులు పెట్టుకుంటూ పోతున్నాను. రికార్డింగు గదిలో పనిచేసే అమ్మాయి చూసీ చూసీ, వినకుండా ఎలా పారేస్తారు సార్, ఇదొక్కటైనా వినండి అంది. అది మీరు రాసి, మన ఇరవై రెండు మందితో వాయించిన ‘ఎనిమిదిన్నర నగరం’. పన్నెండు నిమిషాలు కూర్చోవచ్చు కదా అని ఒప్పుకున్నాను.

మొదట క్లారినెట్ ఒక్కటే, నిద్ర చాలని మనిషి చెప్పులు వెతుక్కుంటున్నట్టు. తర్వాత వయొలిన్లు ఒకదాన్నొకటి తోసుకుంటూ మెట్లు దిగాయి. ట్రంపెట్ రెండుసార్లు హారన్ కొట్టింది. ఆ అమ్మాయి నవ్వింది, నేనూ నవ్వాను. ముప్ఫై ఏళ్లుగా రెండు బస్సులు మారి ఆఫీసుకొస్తున్న నాకు ఈ ఊళ్లో రద్దీ తప్ప ఏమీ కనపడలేదు. మీరు ఆ రద్దీనే ఓ లయలో నడిపించారు. మధ్యలో అన్నీ ఆగిపోయి మీ ఫ్లూట్ ఒక్కటే మిగిలింది. బస్సు తప్పిపోయినవాడు, ఇక తొందరేముందిలే అని నిలబడి ఎదురు మేడ మీది ఎండని చూస్తున్నట్టుంది. నేనెంత అలిసిపోయానో నాకు అక్కడ తెలిసింది.

మళ్లీ పెట్టమంటారా అంది అమ్మాయి. పెట్టమన్నాను.

ఆ తర్వాత పెట్టిన టిక్కులన్నీ చెరిపేసి, మూడు వారాలు కూర్చుని, వినగలిగినన్ని విన్నాను. ఒక్కటీ పారెయ్యదగ్గది లేదని పైకి రాశాను. నలభై అంటే నలభయ్యే, మీ అభిప్రాయం అడగలేదు అన్నారు. మీవి పదకొండింట్లో తొమ్మిది ఉంచగలిగాను. మిగతా రెండూ ఈ ఉత్తరంతో పంపుతున్నాను. టేపులు తేమకి ఆగవు, గోడ వారన పెట్టకండి.

చెల్లెమ్మని అడిగానని చెప్పండి.

ఇట్లు,
మీ పాత ప్రోగ్రాం గుమాస్తా

తా.క.: ఆర్కెస్ట్రా కోసం పైవాళ్లతో పోట్లాడింది ఈ గుమాస్తా ఒక్కడే అని మీరు అందరికీ చెబుతున్నారట. నేను పోట్లాడలేదు మాస్టారూ. ఈ సంగీతం ఎవరూ వినడం లేదని రిపోర్టు రాసిచ్చింది నేనే. వాళ్లు అడిగారు, ఓ మధ్యాహ్నం కూర్చుని రాసేశాను. అప్పటికి మీ టేపు ఒక్కటీ వినలేదు.