మనుషుల్ని లెక్కపెట్టని ఊరు

అక్టోబర్ 17, శుక్రవారం

7:52కి ఎదురు వరసలో ఉండే మహీన్ ఇంట్లో ఉన్నాను. ఫోన్ సరిగ్గా ఎనిమిదింటికి వచ్చింది. పన్నెండు నిమిషాలు. మేముండే అమెరికాకి అది పొద్దున, ఆమె పుట్టిన ఇరాన్‌కి మధ్యాహ్నం మూడున్నర. అక్కడ పొద్దు గూకితే వాళ్ళ విశ్రాంతి దినం మొదలవుతుంది. ఇక ఆయన ఫోన్ ముట్టడు. అందుకే ఈ వేళ.

ఫోన్ చేసేది ఆమె తమ్ముడు. డెబ్బై ఒకటి. బట్టల కొట్టు. ఆయనది వాళ్ళ ఊళ్ళో మిగిలిన నాలుగైదు యూదు కుటుంబాల్లో ఒకటి.

నేను లేవబోతే చెయ్యి పట్టుకుని ఆపింది. "కూర్చో సావిత్రీ. నీకు మా భాష రాదుగా." తర్వాత తనే చెప్పింది: ఇజ్రాయెల్ అన్న మాట ఫోన్‌లో ఇద్దరూ పలకరు. ఆయన కూతురు కాపురం ఉండేది అక్కడే. కానీ ఫోన్‌లో ఆ దేశం పేరు "ఆ వీధి". "ఆ వీధిలో పిల్లలు బాగున్నారా?" అంతే.

అక్టోబర్ 18

మా ఇంట్లో దీపావళి పాట్‌లక్, తలా ఒక వంట. మా అమ్మాయి సుధ మహీన్‌ని కూడా పిలిచింది. మహీన్ ఒక అరటిపండు, నేను ఒలిచిపెట్టిన దానిమ్మ గింజలు తిన్నది. వాళ్ళ వంట నియమాలు వాళ్ళవి. మా అల్లుడి స్నేహితుడు ప్రసాద్ చేతిలో మటన్ ప్లేటుతో ఆమె ఎదురుగా కుర్చీ లాక్కున్నాడు. మీ వాళ్ళు ఇంకా అక్కడ ఎలా బతుకుతున్నారు ఆంటీ, ఎందుకు వచ్చేయరు, అని. నోట్లో ముక్క నములుతూ.

మహీన్ నవ్వింది. ఇస్లాం ఆ దేశానికి రాకముందు నుంచీ మేం ఉన్నాం, అన్నది. "మా ఇంట్లో మేమెందుకున్నామని అడుగుతున్నావు నాయనా."

అతను వినలేదు. వేలు నాక్కుంటూ తల ఊపాడు. వెగటు పుట్టింది. అందరూ వెళ్ళాక ఆ కుర్చీ తుడిచాను.

అక్టోబర్ 20

మా మనవరాలు అనికకి బడిలో ప్రాజెక్టు. ఇరుగుపొరుగులో ఒక పెద్దావిడ గురించి పది నిమిషాల వీడియో. మహీన్ ఒప్పుకుంది. ఒకటే షరతు: తమ్ముడి ఊసు రాకూడదు. రొట్టెలు, బడి, పండుగలు — ఏదైనా అడగవచ్చు.

"ప్రామిస్, ఆంటీ," అన్నది అనిక. దాన్ని నిలబెట్టి ఇంకోసారి చెప్పించాను.

అక్టోబర్ 22

రికార్డింగ్ అయింది. నలభై ఒక్క నిమిషాలు. నేను పక్కన కూర్చుని నోట్సు రాశాను. ముప్పై మూడేళ్ళు కెమిస్ట్రీ ల్యాబ్‌లో పిల్లల చేత రాయించినట్టే — ఎడమ పేజీలో చూసింది, కుడి పేజీలో విన్నది, పైన తేదీ, టైము.

ఒక సంగతి నాకు నిద్రలో కూడా గుర్తుంటుంది. వాళ్ళ సామూహిక ప్రార్థనకి పదిమంది మగవాళ్ళు ఉండాలి. తొమ్మిదిమందైతే జరగదు. ఎంతమంది వచ్చారో మరి చూసుకోవాలి కదా అన్నాను. "మేం మనుషుల్ని లెక్కపెట్టం, సావిత్రీ. మంచిది కాదు." పది మాటలున్న వాక్యం ఒకటి ఉందట, గ్రంథంలోది. ఒక్కొక్కరిని చూసి ఒక్కొక్క మాట అనుకుంటారు. వాక్యం పూర్తయితే ప్రార్థన మొదలు. మాట మిగిలిపోతే గుమ్మంలో నిలబడి ఎదురుచూస్తారు. అప్పుడు పక్క కొట్టు ముస్లిం సాయిబు తన షట్టరు సగం దించి, మోకాళ్ళ నొప్పి ముసలాయన్ని స్కూటరు మీద ఎక్కించుకొస్తాడట.

నేను ఇంట్లో స్పూన్లు కూడా లెక్కపెట్టి సర్దుతాను.

అక్టోబర్ 24, శుక్రవారం

ఫోన్ 8:01. పదిహేడు నిమిషాలు. పెట్టేశాక మహీన్ ఇద్దరికీ టీ పోసింది. తర్వాత చెప్పింది. తమ్ముడు కిందటేడు టర్కీ వెళ్ళాడు. అందరికీ తెలిసింది అంతవరకే. అక్కడి నుంచి "ఆ వీధి"కి వెళ్ళి మనవణ్ణి ఒకసారి ఎత్తుకుని ముద్దాడి వచ్చాడని ఎవరికీ తెలియదు. ఇరాన్ వాళ్ళు ఆ దేశంలో అడుగుపెట్టడం నేరం; తెలిస్తే జైలు. ఆయనే పదో మనిషి. ఆయన లేకపోతే గుడి తలుపు మూసుకోవడమే.

"ఇది నీతో పోవాలి."

ఇంటికి వచ్చి ప్రాజెక్టు నోట్సు పుస్తకంలోనే రాశాను. తేదీ, టైము. బజారు పేరుతో సహా. ఎందుకు రాశాను? విన్నది రాయకపోతే నాకు తోచదు కాబట్టి.

అక్టోబర్ 27

అనిక నోట్సు అడిగింది. ఇచ్చాను. తెలుగు అక్షరాలు తనకి అర్థం కావని తండ్రి చేత చదివించుకుంటుందట.

అక్టోబర్ 31

ప్రాజెక్టు ఇచ్చేసింది. టీచరు బాగుందన్నదట. నేను చూడలేదు. కళ్ళద్దాలు రిపేరుకి షాపులో ఉన్నాయి.

నవంబర్ 2, ఆదివారం

చలికాలం వస్తోందని ఇక్కడ గడియారాలు గంట వెనక్కి తిప్పారు. శుక్రవారం ఫోన్ ఇక ఏడింటికి.

మధ్యాహ్నం సుధ ఫోన్ పట్టుకుని మేడ మీదికి వచ్చింది. మా అల్లుడు మురళి కూతురి వీడియోని మురిపెంగా తెలుగు వాళ్ళ గ్రూపులో పెట్టాడు. ప్రసాద్ అందులోంచి యాభై సెకన్లు కత్తిరించాడు. వెనక డప్పులు. కింద ఎర్ర అక్షరాలు — ముస్లింల మధ్య బతకడమంటే ఇదీ, మేలుకోండి. ఆ యాభై సెకన్లలో మా అనిక గొంతు. తమ్ముడు, బజారు పేరు, టర్కీ, అక్కడి నుంచి ఎక్కడికి వెళ్ళాడో కూడా. మహీన్ చెప్పింది కాదు. నా కుడి పేజీ.

సాయిబు స్కూటరు ముక్క మాత్రం కత్తిరించేశాడు.

అదే రోజు, సాయంత్రం

కింద అందరం. మురళి సోఫాలోంచి లేవలేదు.

"డిలీట్ ఫర్ ఎవ్రీవన్ కొట్టేశా అత్తయ్యా. గ్రూప్‌లో అందరూ మనవాళ్ళే."

నలుగురు ఫార్వర్డ్ చేశారని సుధ అన్నది. నలుగురే కదా అన్నాడు. ఈ మనిషి ఆఫీసులో డేటా సెక్యూరిటీ చూస్తాడు.

నోట్సు చదివి ఇంగ్లీషులోకి చెప్పింది నువ్వే కదా, ఆ పేజీ దగ్గర ఆగాలనిపించలేదా, అని అడిగాను. అది పవర్‌ఫుల్ పార్ట్ అనిపించిందట. పవర్‌ఫుల్.

అనికని పిలిచాను. ప్రామిస్ ఏమైంది అన్నాను. ఏడవలేదు. నావైపు సూటిగా చూసింది.

"బట్ అమ్మమ్మా, అది మీ బుక్‌లో ఉంది. మీరే ఇచ్చారు. ఓకే అనుకున్నాను."

పదమూడేళ్ళది. దాని మాటలో తప్పు వెతికాను. దొరకలేదు.

నవంబర్ 3

ప్రసాద్‌కి నేనే ఫోన్ చేశాను. "మనం వాళ్ళకి సపోర్టే చేస్తున్నాం కదా మేడమ్." మహీన్ తమ్ముడి పేరేమిటో తెలుసా అన్నాను. తెలియదు. తెలుసుకోవాలని కూడా లేదు. అతనికి కావలసింది ఆ డప్పులు.

మళ్ళీ గంటకి ఆ గ్రూపులోనే ఇంకొకాయన ఫోన్. ఈయనకి ప్రసాద్ అంటే పడదు. ఆ వీడియో అంతా కల్పన అని మహీన్ చేత రెండు మాటలు చెప్పించగలరా, అక్కడ వాళ్ళకి పార్లమెంటులో సీటు కూడా ఉందట, హాయిగా ఉన్నారట... ఒకడికి ఏడ్చే మహీన్ కావాలి. ఒకడికి నవ్వే మహీన్ కావాలి. పెట్టేశాను. సబ్బుతో చేతులు కడుక్కున్నాను. అయినా వెగటు పోలేదు.

నవంబర్ 4

చెప్పలేదు. రెండుసార్లు ఆమె గుమ్మం దాకా వెళ్ళి తిరిగి వచ్చాను.

నవంబర్ 5, బుధవారం

చెప్పాను. నిలబడే చెప్పాను. ఎవరి మీదా తోయకుండా — పుస్తకం నాది, రాసింది నేను, ఇచ్చింది నేను.

మహీన్ స్టవ్ ఆపింది. కెటిల్ ఇంకా మరగలేదు.

"పేరు ఉందా అందులో?"

లేదన్నాను. ఊరు ఉంది, బజారు ఉంది, బట్టల కొట్టు ఉంది. పేరు లేదు. సిగ్గు లేకుండా ఆ మాట కొంచెం గట్టిగానే అన్నాను.

"పదిమంది ఉన్నచోట పేరెందుకు, సావిత్రీ?"

తిట్టి ఉంటే బాగుండేది. తమ్ముణ్ణి హెచ్చరించమన్నాను. ఎలా, అన్నది. ఫోన్‌లో ఆ మాట అంటే ఆ మాటే సాక్ష్యం. అనకపోతే ఆయనకి తెలియదు. ఆ ఇద్దరి మధ్యా ఇన్నేళ్ళుగా ఉన్న జాగ్రత్తంతా ఇప్పుడు నోటికి అడ్డం.

వచ్చేటప్పుడు తలుపు దగ్గర నెమ్మదిగా, మర్యాదగా అన్నది — ఈ శుక్రవారం రావద్దు.

నవంబర్ 6

ఆ పేజీ చించాను. ముక్కలు చేసి నీళ్ళలో నానబెట్టాను. ఇంకు పోయింది. యాభై సెకన్లు పోవు. ఈ డైరీలో ఊరి పేరు ఎక్కడా లేదని మొదటి నుంచీ చూశాను. లేదు. అదొక్కటే... అందులోనూ నా గొప్పేం లేదు. అవసరం పడక రాయలేదంతే.

మురళి భోజనాల దగ్గర మామూలుగా వీసా కబుర్లు చెబుతున్నాడు. గ్రూపులో ఈ రోజు ఎవరిదో గృహప్రవేశం. అందరూ పూలు పంపుతున్నారు. అన్నం సయించలేదు. వాళ్ళని చూసి అనుకుంటే సగమే నిజం; మిగతా సగం నన్ను నేను చూసుకుని.

నవంబర్ 7, శుక్రవారం

6:40. మా వంటింటి కిటికీ. పార్కింగ్‌కి అవతల వరసలో ఆమె వంటింటి కిటికీ. దీపం వెలుగుతోంది.

7:00. ఫోన్ బల్ల మీద. ఆమె దాని ఎదురుగా కూర్చుని ఉంది; మోగిందో లేదో ఇక్కడికి వినపడదు. తీయలేదు.

7:15. తీయలేదు.

7:40. అనిక స్కూలు బ్యాగుతో వచ్చి నా పక్కన నిలబడింది. "ఆయన కాల్ చేశారా, అమ్మమ్మా?" తెలియదన్నాను. బస్సు వచ్చేదాకా కదలలేదు.

8:10.

8:28. అక్కడ పొద్దు గూకే వేళ. ఇక ఆయన ఫోన్ ముట్టడు. ఎక్కడ ఉన్నా.

మహీన్ లేచింది. గోడ వైపు తిరిగింది. గోడ మీద ఏమీ లేదు. పెదవులు కదులుతున్నట్టున్నాయి. ఒక్కొక్క మాటకి ఒక్కొక్క వేలు ముడుస్తోంది — ఆ ఊరి గుడిలో ఒక్కొక్కరిని చూస్తున్నట్టు.

ఆగింది.

ఎన్ని వేళ్ళు ముడిచిందో చూడటానికి అద్దాలు పెట్టుకోబోయాను. మడిచి కింద పెట్టేశాను.