ముందూ వెనకా ఒకటే పేరు

మే 11, 1954

…కానీ అన్న దిగలేదు. నిన్న ఇక్కడే ఆపేశాను.

రుద్రారంలో పటేలు ఇంటి ముందు మా కులంవాళ్లెవరైనా సైకిల్ దిగి నడవాలి. నాన్న ఎప్పుడూ దిగుతాడు. అన్న తొక్కుతూనే పోయాడు — వెనక క్యారియర్ మీద నేను. పటేలు కొడుకు అడ్డం వచ్చి హ్యాండిల్ పట్టుకున్నాడు.

"పేరేందిరా?"

"ఓవెన్."

"ఇంటి పేరు?"

"ఓవెన్."

"నాతోని మజాక్ జేస్తున్నవా?"

చెంప పగిలింది. మళ్లీ అడిగాడు. అన్న మళ్లీ అదే చెప్పాడు. ఇంకేం చెప్తాడు? తాతకు బాప్తిస్మం ఇచ్చిన వేల్స్ దొర పేరు అది. వాళ్ల దేశంలో మనిషికీ అదే, ఇంటికీ అదే అట. తాత ఇంటిపేరు చేసుకున్నాడు, మొదటి మనవడికీ అదే పెట్టాడు. కాన్వెంట్లో మిస్ 'లవ్లీ నేమ్' అంటుంది.

పటేలు కొడుకు మళ్లీ చెయ్యెత్తాడు. అన్న గాలి పంపు పీకి ముఖం మీద కొట్టాడు. కొడుతూనే ఉన్నాడు. వాడి పన్ను ఎగిరొచ్చి నా గౌను మీద పడింది.

మే 12

గౌను ఉతికాను. మరక పోలేదు. పొయ్యిలో పెట్టాను.

అన్న అటక మీద. నాన్నకు తెలియదు — కొల్లూరు పారిపోయాడని చెప్పాం, అమ్మా నేనూ. నాన్నకు అబద్ధం చేతకాదు.

మా సంగారెడ్డిలో ఆ పేరు మా ఒక్క ఇంటికే ఉంది.

మే 13

పటేలు మనుషులు వచ్చారు. కర్రలు, ఒక గడ్డపార.

"ఓవెన్ ఏడి?"

నాన్న బయటికి వెళ్లి "నేనే" అన్నాడు. నవ్వారు.

"నువ్వెట్లయితవ్, ముసలోడా?"

"మా ఇంటి పేరు గదే, దొరా. పోరడు యాడికి వోయిండో నాకు తెల్వది."

"ఇంటి పేరైతే ఇంట్ల ఎవలైనా ఒకటే."

నాన్న కుడిచెయ్యి గడప మీద పెట్టించారు. గడ్డపార వెనక్కి తిప్పి… ఎండుకట్టె విరిగిన చప్పుడు. పైన అటక కిర్రుమంది. అమ్మ గట్టిగా దగ్గింది, దగ్గుతూనే ఉంది.

పోతూ పోతూ — "మల్లొస్తం. ఇంకెందరున్నరో ఓవెన్లు."

మే 14

నాన్న పనిచేసే దవాఖానలోనే నాన్నకు మంచం. సూదులేసే చెయ్యి అది.

అన్న: "నేను వోత. లేకుంటే నాయినను సంపుతరు."

నేను: "దిగితే ఒర్లుత, ఊరంత వినేటట్టు."

"ఒర్లు. వాళ్లే వింటరు."



మే 15

అమ్మ దవాఖానలో. మిట్టమధ్యాహ్నం. వీధిలో ఎవరూ లేరు. నా స్కూలు ట్రంకు మీద తెల్లరంగుతో రాసిన నా పేరు 'రూత్ ఓవెన్'ను కత్తితో గీకుతున్నాను. రూత్ ఉంచాను. రెండోది పోవడం లేదు, కింద రేకు తేలినా అచ్చు కనబడుతూనే ఉంది

తలుపు. కర్రతో కొడుతున్నారు.

"లోపట ఎవలు?"

అటక మీంచి అన్న కాలు కిందికి జారింది. వద్దని చెయ్యి ఊపుతున్నా. చూడడం లేదు.

"ఎవలే? పేరు జెప్పు."

ఈ కాగితాలు బియ్యం కుండలో దాచి—