నేను పీకిన వైరు

అన్నా,

నువ్వు పోయి నిన్నటికి ఏడాదైంది. నీ కారుల మిగిలిన, ముందటి తొవ్వను రికార్డు చేసే కెమెరానే నేను కొన్న పాత కారుకు పెట్టిచ్చిన. కరీంనగర్ల మెకానిక్ రహీం భాయ్ దాని వైరును రూఫ్ గుడ్డ లోపలికి నూకి, డోర్ రబ్బరు కిందికెల్లి దించి, ఫ్యూజ్ డబ్బాకు కలిపిండు. బయటికి జర కూడ కనపడ్తలేదు. "ఇగ దీన్ని ఎవ్వలు పీకరాదు తమ్మీ, ఫికర్ చెయ్యకు" అన్నడు. నేను తల దించుకున్న.

నువ్వు పోయిన పొద్దు, జమ్మికుంటకు కారు కిరాయి తీస్కపోయే ముందు, నా ఫోన్ చార్జింగ్ పెట్టుకోనీకి కెమెరా వైరు పీకింది నేనే. మళ్ల పెట్టుడు మర్చిపోయిన. నువ్వే నిద్రపోయి ఎదురొచ్చినవని నీ కారును గుద్దిన లారీ ఆయన చెప్పిండు. పోలీసులు కెమెరా చూస్తే అందుల ఏం లేదు. చెడిపోయిందని అందరనుకున్నరు. నేను నోరు తెరవలే. లారీ ఆయన మాటే బాపు నమ్మిండు.

నిన్న చర్చిల నీ పేరు మీద ప్రార్థన అయినంక వైరు సంగతి బాపుకు చెప్పిన. కొడుతడనుకున్న. ఆయన చర్చి మెట్ల మీద కూసున్నడు.

"అయితే నా పెద్దోడు నిద్రపోలేదా?" అని అడిగిండు.

నిద్రపోలేదంటే ఆయన పానం కుదుటపడుతుండె. కని ఇంకో అబద్ధం ఆడ మనసొప్పలే.

"నాకు తెల్వది బాపు. తెలిసే తొవ్వ నేనే మూసిన" అన్న.

బాపు నా భుజం పట్టుకొని లేచిండు. ఇంటిదాక ఆ చెయ్యి తియ్యలే.

నీ తమ్ముడు