గుమ్మానికి రెండో మేకు

నా చిట్టితల్లికి, నీ ఒళ్ళో కళ్ళు మూసుకుని పడుకున్న ఆ బుజ్జి మహారాణికి, నాన్న గంపెడు దీవెనలతో రాసేది. ఇక్కడ మేము క్షేమం. ఆ మాట దగ్గరికి మళ్ళీ వస్తాను. ముందు నా సంతోషం నన్ను చెప్పుకోనీ తల్లీ, లేకపోతే గుండె పగిలేలా ఉంది.

మనవరాలు! నీ ఉత్తరం పోస్టుమాన్ సంచిలోంచి పూర్తిగా బయటికి రాకముందే లాక్కున్నాను. "మెల్లిగా మేస్త్రీ, అలా చింపితే అక్షరాలు రాలిపోతాయి" అన్నాడు. చదివి, "మనవరాలయ్యా, మనవరాలు!" అంటూ ఆయన్ని వాటేసుకుంటే ఆయనా, నేనూ, ఆయన సైకిలూ కలిసి కింద పడబోయాం. మీ అమ్మకి పైకి చదివి వినిపించాను. ముక్కు తాతయ్యదే అని నువ్వు రాసిన చోటు రెండోసారి కూడా చదివాను. "అయ్యో పాపం, ఆడపిల్ల కదండీ!" అంది మీ అమ్మ. అని, కొంగుతో కళ్ళు ఒత్తుకుంది. ఇన్నాళ్ళకి మీ అమ్మ నన్ను వెక్కిరించింది తల్లీ. ఆ వెక్కిరింత విని ఎంత కాలమైందో!

ఇక నువ్వు అడిగినవాటికి జవాబులు. అమ్మ కాలికి కట్టు తీసేశారు. చేతికర్ర పట్టుకుని నడుస్తోంది, ఆ కర్రతోనే నన్ను అదిలిస్తోంది కూడా. పెరట్లో జారిపడిందని రాశాను కదా, అందుకే నీ కాన్పుకి రాలేకపోయిందని. కాగితం ఎందుకు మారింది, ఈ గీతల కాగితం ఎక్కడిదని అడిగావు. ఇది బడిపిల్లల నోటుపుస్తకంలోది. ఫోన్ చేస్తే ఎందుకు ఎత్తరన్నావు. ఎత్తితే నా గొంతు నన్ను పట్టిచ్చేస్తుందమ్మా.

చివరిగా, బాబాయి ఎందుకు ఒక్క ముక్క కూడా రాయడం లేదు, అలిగాడా అని అడిగావు. ఎప్పుడు ఉత్తరం రాసినా కింద రెండు వరసలు వాడి కోసం వదిలేవాణ్ణి. వాడు కుట్టుమిషన్ మీద కాగితం పెట్టుకుని, కోడి కెలికినట్టు రాసేవాడు. కిందటి ఉత్తరంలో ఆ రెండు వరసలూ వాడిలా నేనే రాద్దామని ఎడమచేత్తో కలం పట్టుకున్నాను. 'చిట్టీ' అని రాసి ఆగిపోయాను. ఆ కాగితం చింపేసి మళ్ళీ మొదటినుంచి రాశాను. 'బాబాయికి పని ఒత్తిడి' అని రాశాను.

తల్లీ, పాపని పక్కన పడుకోబెట్టి, గోడకి ఆనుకుని కూర్చుని చదువు. మీ అత్తగారిని దగ్గర కూర్చోమను.

బాబాయి లేడమ్మా.

నీకు ఏడో నెల నిండిన రోజుల్లో ఇక్కడ అకాల వానలకి వాగు పొంగింది. అప్పట్నుంచి మేం ఉంటున్నది మిట్టమీద బడిలో, పై తరగతి గదిలో. మీ అమ్మ కాలు విరిగింది పెరట్లో కాదు. మొదట్నుంచీ చెబుతాను.

నువ్వు వరద జాగ్రత్తల ఆఫీసులో పనిచేసేటప్పుడు మన వీధికి వచ్చి నేర్పిన పద్ధతి గుర్తుందిగా. ఇంట్లోవాళ్ళందరూ బయటికొచ్చాక గుమ్మం పైన తెల్లగుడ్డ కట్టాలి. గుడ్డ ఉంటే ఇల్లు ఖాళీ, పడవ అక్కడ ఆగక్కర్లేదు. గుడ్డ లేని ఇంటికే పోవాలి. ఆ గుడ్డ కోసం ప్రతి గుమ్మానికీ మేకు కొట్టింది నేనే. "వడ్రంగి కూతురు ఆఫీసరైతే ఊరంతా మేకులే" అని పిండిమర ఆయన ఎగతాళి చేసేవాడు. తర్వాత అభ్యాసాలు పెట్టావు. ఎవరి గుమ్మం మీద గుడ్డ ముందు ఎగిరితే వాళ్ళకి చప్పట్లు. ప్రతిసారీ మీ బాబాయే ముందు. ప్లాస్టిక్ బకెట్ బహుమతి కూడా నీ చేతుల మీదుగానే తీసుకున్నాడు. వాడికి తొందరరాజు అని పేరు పడింది.

వాడి కిటుకు వీధిలో అందరికీ తెలుసు, నీకు తప్ప. వరద హెచ్చరిక ఈల వినపడగానే వాడు ముందు గుడ్డ కట్టేసేవాడు. తర్వాత తీరిగ్గా లోపలికి పోయి చొక్కా వేసుకుని, కత్తెర సర్దుకుని, దువ్వుకుని వచ్చేవాడు. మేమందరం పొట్ట పట్టుకుని నవ్వేవాళ్ళం. ఆటే కదా అనుకున్నాం.

ఆ రోజు మధ్యాహ్నం ఈల నిజంగా మోగింది. నేను పక్కవీధిలో మంచంపట్టిన ముసలాయన్ని ఎత్తుకుని మిట్టకి బయల్దేరాను. మీ అమ్మ గేదె పలుపు విప్పడానికి దొడ్లోకి వెళ్ళింది. తాను లోపలుంది కాబట్టి గుడ్డ కట్టలేదు. అంతలోనే నీళ్ళు నడుముదాకా వచ్చాయట. ఇంట్లోకొచ్చి అటక ఎక్కుతుంటే నిచ్చెన కొట్టుకుపోయి, కాలు మడతపడి విరిగింది. ఆ కాలితోనే చేతులతో దూలం పట్టుకుని పైకి పాక్కుంది.

నేను మిట్టమీద నుంచి మన వీధి చూశాను. బాబాయి గుమ్మం మీద గుడ్డ ఎగురుతోంది. హమ్మయ్య అనుకున్నాను. మన గుమ్మం మీద లేదు. పడవ, పడవ అని అరిచాను. పాల కేంద్రం మామ, ఇద్దరు అగ్నిమాపకం కుర్రాళ్ళు పడవేసుకుని దిగారు. దారిలో గుడ్డ ఉన్న ఇళ్ళన్నీ దాటుకుంటూ, నేరుగా మనింటి ముందు ఆపి కేకేశారు. మీ అమ్మ పలికింది. పెంకులు తీసి దించారు. దించిన వెంటనే మనిల్లు కూర్చుండిపోయింది. అంటే ఒక్క ఇంటి ముందు ఆగి ఉన్నా మీ అమ్మ నాకు దక్కేది కాదు.

పడవలో కూర్చున్నాక మీ అమ్మ అడిగిందట. "మా మరిది?"

"గుడ్డ కట్టేసుంది కదమ్మా. ఈపాటికి మిట్టమీద టీ తాగుతుంటాడు."

బళ్ళో నేనూ అందర్నీ అడిగాను, తొందరరాజు ఏడయ్యా అని. "అందరికంటే ముందు కట్టేశాడుగా, ఇంకో బకెట్ కోసం చూస్తుంటాడు" అన్నాడు పిండిమర ఆయన. నేనూ నవ్వాను తల్లీ. నవ్వాను.

నీళ్ళు తీశాక వెనకగోడ మట్టికింద దొరికాడు. మిషన్ తలకాయని ప్లాస్టిక్ సంచిలో చుట్టి గుండెకి కట్టుకుని ఉన్నాడు. పడవ ఆగితే బతికేవాడో, గోడ అప్పటికే పడిపోయిందో ఎవరికీ తెలియదు. ఎవరూ చూడలేదన్నది మాత్రం నిజం. చూడకపోవడానికి కారణం ఆ గుడ్డ.

నీ కడుపులో బిడ్డ ఉండగా ఇది రాయలేకపోయాను. మీ అమ్మా నేనూ ఒట్టు పెట్టుకున్నాం. మీ ఆయనకీ తెలియనివ్వలేదు. కోపం వస్తే నన్ను తిట్టు, అమ్మని ఏమీ అనకు. ఇప్పుడెందుకు రాస్తున్నానంటే, పాపని తీసుకుని వానలకి ముందే వస్తానని రాశావు. వస్తే బస్సు దిగగానే ఎవరో ఒకరు నీకు చెబుతారు. ఎలా చెబుతారో కూడా నాకు తెలుసు.

పోయిన వారం బడి వరండాలో అందరం కూర్చున్నాం. మళ్ళీ వానలొస్తున్నాయి, వాగుకి గట్టు ఇంకా పొయ్యలేదు. పిండిమర ఆయన లేచి, "ఆ గుడ్డల గొడవ ఇక వద్దు. ఆఫీసరమ్మ వచ్చి పిల్లలాట ఆడించి పోయింది, మనిషి పోయాడు" అన్నాడు. నేను లేవబోయి మళ్ళీ కూర్చున్నాను. నా తమ్ముడు, నా కూతురు, ఎవరి వైపు మాట్లాడను? అప్పుడు మీ అమ్మ కర్ర నేలకేసి కొట్టింది.

"ఏమయ్యా, నేను బతికుండటం నీకు కనపడటం లేదా? నా గుమ్మానికి గుడ్డ లేదు కాబట్టే పడవ నా దగ్గరికొచ్చింది. పిల్లలాట చేసింది నా కూతురు కాదు, మనం. చప్పట్లు కొట్టింది నువ్వు కాదూ?"

"కొట్టానక్కా" అన్నాడు ఆయన. తల దించుకుని, "అందరికంటే గట్టిగా కొట్టాను" అన్నాడు.

గుడ్డ ఉండాలనే తేలింది. కానీ ఇకమీదట రెండు గుడ్డలు. ఒకటి ఇంటివాళ్ళు కడతారు. రెండోది పొరుగువాళ్ళు, ఆ ఇంట్లో ప్రతి మనిషినీ వీధిలో కళ్ళారా చూశాకే కడతారు. రెండూ ఉంటేనే పడవ దాటిపోవాలి. బహుమతుల్లేవు, చప్పట్లు లేవు. నిలబడి ఉన్న ప్రతి గుమ్మానికీ రెండో మేకు కొడుతున్నాను. పిండిమర ఆయన నా వెనకే మేకుల డబ్బా పట్టుకుని తిరుగుతున్నాడు, ఒక్క జోకు కూడా వెయ్యకుండా. బాబాయి ఇంటి ముందుగోడా, గుమ్మమూ అలాగే ఉన్నాయి. వాడు కట్టిన ముడి తడిసి బిగుసుకుపోయింది, ఎవరికీ రావడం లేదు. కోసేస్తామన్నారు. నేను ఒప్పుకోలేదు.

మిషన్ తలకాయకి మీ అమ్మ బురద కడిగి నూనె పోసింది. తిరుగుతోందమ్మా! వీధికంతటికీ గుడ్డలు దాని మీదే కుడుతోంది. అదే తానులోంచి పాపకి చొక్కా కుట్టి ఈ ఉత్తరంతో పంపుతోంది. వాడుంటే చేతులు ఇంకా చక్కగా తిప్పేవాడని నసుగుతూ రెండుసార్లు ఊడదీసి కుట్టింది. తొడిగి చూడు.

నువ్వు నేర్పింది తప్పు కాదు తల్లీ. నీ పద్ధతి మీ అమ్మని నాకిచ్చింది. తమ్ముడి కోసం ఏడుస్తాను, మనవరాలి కోసం ఎగురుతాను. రెండూ ఒకే రోజు చేస్తున్నాను, మీ అమ్మ చూసి పిచ్చి పట్టిందంటోంది. పట్టనీ. కానీ వానలు వెళ్ళేదాకా నువ్వు రావద్దు. పాపని ఈ వీధిలో పడుకోబెట్టే ధైర్యం నాకు లేదు. గట్టు పూర్తయ్యాక నేనే వచ్చి తీసుకొస్తాను. ఆ ముడి విప్పడానికి నీ వేళ్ళు కావాలి.

ఇట్లు,
ముక్కు పంచుకున్న తాతయ్య, నీ నాన్న.

కింద ఎప్పటిలాగే రెండు వరసలు వదిలాను. చెయ్యి అలవాటు మానలేదు.